పచ్చబోర్డు లాడ్జీలు – పనివాళ్ళ లెక్క



మిల్లు కార్మికుల పత్రికలో లాడ్జీల సంగతి ఎందుకని కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు మన ఇళ్ళలోనే ఉంది. చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి తాలూకాల్లో మన సభ్యుల పిల్లలు ఇవాళ ఎంతమంది మిల్లు గేటు లోపలికి వస్తున్నారు? తండ్రి ట్విస్టింగ్ మిల్లులో ముప్పయ్యేళ్ళు నిలబడ్డాడు. కొడుకు నంది కొండ దారిలో ఏదో రిసార్టులో దుప్పట్లు మారుస్తున్నాడు. తల్లి రీలింగ్ బాన ముందు కూర్చుని వేడినీళ్ళలో వేళ్ళు నానబెట్టి పట్టుగూళ్ళ దారం తీసింది. కూతురు బెంగుళూరు నుంచి వచ్చినవాళ్ళు తిని వదిలిన గిన్నెలు సబ్బునీళ్ళలో తోముతోంది. పని మారింది, చేతులు నానడం మారలేదు.

ఇది తనంతట తాను జరిగింది కాదు. 2008 మే నెలలో దేవనహళ్ళి దగ్గర విమానాశ్రయం తెరిచారు. అప్పటినుంచి నంది చుట్టుపక్కల భూమి ధర రైతు అందుకోలేనంత ఎత్తుకు పోయింది. 2011 బడ్జెట్టులో ముడిపట్టు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. చైనా పట్టు వచ్చి పడింది. శిడ్లఘట్ట మార్కెట్టులో గూళ్ళ ధర పడిపోతే రైతు ఏడ్చాడని పేపర్లు రాశాయి, అది నిజమే. ఆ గూళ్ళ మీద బతికే రీలింగ్ కార్మికుడు, ట్విస్టింగ్ కార్మికుడు ఏమయ్యారో రాసినవాళ్ళు తక్కువ. ఒకవైపు మిల్లు సన్నగిల్లింది, మరోవైపు కొండ కింద గదులు లేచాయి. మన పిల్లలు అక్కడికి పోయారు. కాబట్టి అక్కడి సంగతి మన సంగతే.

ఈమధ్య ఆ గదులకు కొత్త బోర్డులు పడుతున్నాయి. ఆకుపచ్చ రంగు, ఒక ఆకు బొమ్మ, "ఎకో" అన్న మాట. చిన్న లాడ్జి, పర్యావరణానికి హాని చేయనిది, ప్రకృతి ఒడిలో నిద్ర, అంటూ ప్రకటనలు. మేము దీన్ని ఎగతాళి చేయడం లేదు. కొండను డైనమైటుతో పేల్చి కంకర చేసేకంటే, కొండను చూడటానికి వచ్చినవాళ్ళకు నాలుగు గదులు కట్టి అన్నం పెట్టడం వెయ్యిరెట్లు మేలు. 2021 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే హిరేనాగవల్లి దగ్గర క్వారీ జిలెటిన్ పేలి ఆరుగురు చనిపోయారు. అలాంటి పని కంటే దుప్పటి మార్చే పని మేలని ఏ తల్లి అయినా అంటుంది. మా ప్రశ్న వేరు. "ఎకో" అని బోర్డు కట్టినవాడు దేన్ని లెక్కపెడుతున్నాడు, దేన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు?

ముందు నీళ్ళ సంగతి చూద్దాం. మన జిల్లాలో దేన్నైనా కొలవాలంటే నీళ్ళతోనే కొలవాలి.

ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, చిత్రావతి, పాపాఘ్ని, అర్కావతి – ఇవన్నీ నంది, దాని చుట్టూ ఉన్న కొండల్లో పుట్టినవే. ఇన్ని నదులకు పుట్టిల్లయిన సీమలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. వెయ్యి అడుగులు దాటినా నీరు పడని బోర్లు మన ఊళ్ళలో కొత్త కాదు. పడిన నీటిలో ఫ్లోరైడు. బాగేపల్లి, చింతామణి పల్లెల్లో పళ్ళు పచ్చబడిన పిల్లలను, మోకాళ్ళు వంగిన పెద్దలను మనకు ఎవరూ చూపించనక్కర్లేదు. అందుకే నాణెం వేసి క్యాను నింపుకునే శుద్ధనీటి యూనిట్ల ముందు క్యూలు. శాశ్వత నీరు కావాలని 2016లో మన రైతులు ట్రాక్టర్లెక్కి బెంగుళూరు దాకా పోయారు. ఎత్తినహొళె పథకానికి 2014లో శంకుస్థాపన జరిగింది, 2024 సెప్టెంబరులో సకలేశపురం వైపు మొదటి దశ పంపులు తిప్పారు. ఆలోగా మన చెరువులు నింపడానికి ప్రభుత్వం పంపింది హెబ్బాళ, నాగవార లోయల నీళ్ళు. అంటే బెంగుళూరు మురుగును రెండు దశలు శుద్ధి చేసిన నీళ్ళు. మూడో దశ కూడా శుద్ధి చేయండని నీటి ఉద్యమకారులు అడుగుతూనే ఉన్నారు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. మిల్లులో నూలు తూచి కూలి లెక్కపెట్టుకున్న మనకు ఇది కష్టం కాదు. పది గదుల లాడ్జి. గదికి ఇద్దరు. షవరు, కమోడు, ఉతికిన దుప్పట్లు అన్నీ కలిపి మనిషికి రోజుకు 200 లీటర్లు అనుకుందాం. రోజుకు 4,000 లీటర్లు. దాదాపు ఒక చిన్న ట్యాంకరు. అక్కడ ఈతకొలను ఒకటి ఉందనుకుందాం, పది మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు, నడుము లోతు కంటే కాస్త ఎక్కువ. దాన్ని ఒక్కసారి నింపాలంటే 60,000 లీటర్లు. మనిషికి రోజుకు రెండు బిందెలు తాగడానికి, వంటకు అనుకుంటే ఒక చిన్న పల్లెకు ఎన్ని రోజులు సరిపోతుందో మీరే లెక్క కట్టండి. ఈతకొలను ఉన్న చోట ఎన్ని ఆకుల బొమ్మలు వేసినా అది "ఎకో" కాదు. వానకాలంలో కప్పు మీద పడ్డ నీళ్ళు తొట్టిలో పట్టుకుని, వాడిన నీళ్ళు తోటకు మళ్ళించి, స్నానానికి బకెట్టు ఇచ్చే లాడ్జి ఉంటే, బోర్డు లేకపోయినా దానికి మా నమస్కారం. అలాంటివి ఉన్నాయి, తక్కువే అయినా.

మిల్లువాళ్ళు పర్యావరణం గురించి మాట్లాడతారా అని నవ్వేవాళ్ళూ ఉన్నారు. రీలింగ్ నీళ్ళు ఎక్కడికి పోతాయి, గూళ్ళు ఉడికించడానికి ఎన్ని కట్టెలు కాలుతాయి, చచ్చిన పురుగు వాసన ఎంత దూరం కొడుతుంది – అన్నీ మనకు తెలుసు. ఆ వాసనలో బతికినవాళ్ళం గనుకే మాట్లాడుతున్నాం.

రెండో సంగతి: ఎవరి స్థలంలో, ఎవరిని అడిగి? ఈ విషయంలో మన రాష్ట్రంలోనే ఒక పెద్ద తీర్పు ఉంది. నాగరహొళె నేషనల్ పార్కు లోపల, మూర్కల్ అనే చోట, తాజ్ గ్రూపుకు చెందిన కంపెనీకి ప్రభుత్వం లీజు ఇచ్చింది, అడవి రిసార్టు నడుపుకోమని. అదే అడవిలో తరతరాలుగా ఉన్న జేను కురుబ, బెట్ట కురుబ, యెరవ జనాన్ని "ఇది నేషనల్ పార్కు, మీరు బయటికి పోవాలి" అంటున్న రోజులవి. తేనె తీసుకునేవాడు అడవికి హాని, సంపన్నుల హోటలు హాని కాదు! ఆదివాసులు సంఘం కట్టారు, రోడ్డెక్కారు, కోర్టుకెక్కారు. 1997లో కర్ణాటక హైకోర్టు ఆ లీజు చెల్లదంది. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం కేంద్రం అనుమతి లేకుండా అడవి భూమిని అలా ఇవ్వకూడదని చెప్పింది. ఆ హోటలు నడవలేదు. పెద్ద కంపెనీ మీద చేతిలో ఏమీ లేనివాళ్ళు గెలిచిన కేసు ఇది. మన సభ్యుల్లో చాలామందికి దీని గురించి తెలియదు, తెలియాలి.

నంది కొండ నేషనల్ పార్కు కాదు. కానీ అక్కడా అడవి ఉంది, చిరుతలున్నాయి, నీలగిరి అడవి పావురం ఉంది. దాన్ని చూడటానికే దూరాల నుంచి వచ్చేవాళ్ళున్నారు. గాంధీజీ 1927లోనూ 1936లోనూ ఆరోగ్యం కోసం అక్కడికి వచ్చి ఉన్నారు. 1986లో సార్క్ దేశాధినేతలు అక్కడ కూర్చున్నారు. 2025 జూలై 2న రాష్ట్ర మంత్రివర్గమే కొండెక్కి సమావేశమయింది. ఆ సమావేశంలోనే బాగేపల్లి పేరు భాగ్యనగరగా మార్చాలని నిర్ణయించారు. (పల్లె అన్న మాట తెలుగుదని వాళ్ళకు బరువయిందేమో మాకు తెలియదు. పేరులో భాగ్యం చేరితే కూలిలో కూడా చేరుతుందేమో చూద్దాం.) కొండ మాత్రం తన బరువు తాను చెప్పింది. 2021 ఆగస్టులో వానకు మట్టి, బండలు జారి కొండదారి తెగిపోయింది, కొన్ని నెలలు మూసేశారు. ఆ నెలల్లో కొండమీద జామకాయలు, మొక్కజొన్న కంకులు అమ్ముకునేవాళ్ళు ఏం తిన్నారో ఎవరూ అడగలేదు. 2023 మార్చిలో రోప్‌వేకు శంకుస్థాపన చేశారు, దాదాపు మూడు కిలోమీటర్లు, 93 కోట్ల పైచిలుకు. కార్లు తగ్గుతాయంటున్నారు. తగ్గితే మంచిదే. కారుతో పాటు ఆటోవాడూ, జీపువాడూ తగ్గుతారు కదా, వాళ్ళకు ఏం చూపిస్తారన్నదే మా ప్రశ్న.

మనకు దగ్గరలో నిజంగా నేషనల్ పార్కు అంటే రెండు. ఒకటి బన్నేరుఘట్ట. దాని చుట్టూ పర్యావరణ సున్నిత ప్రాంతం 268 చదరపు కిలోమీటర్లకు పైగా ఉండాలని 2016 ముసాయిదాలో పెట్టి, 2020 తుది నోటిఫికేషన్‌లో 168కి తగ్గించారు. ఆ వంద చదరపు కిలోమీటర్లు ఎవరికి లాభమో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

రెండోది శ్రీ వెంకటేశ్వర నేషనల్ పార్కు. అందులోని తలకోన మనవాళ్ళకు కొత్త కాదు. చింతామణి నుంచి మదనపల్లె, పీలేరు మీదుగా పోతే వచ్చేస్తుంది. సిద్ధేశ్వరస్వామి గుడికి, జలపాతానికి మన మిల్లువాళ్ళు లారీలెక్కి పోయిన రోజులున్నాయి. 270 అడుగుల ఎత్తు నుంచి పడే నీరు, పెద్ద పెద్ద గిల్లతీగలు, ఎర్రచందనం. ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి వన సంరక్షణ సమితులు పెట్టారు. 2002లో ప్రపంచ బ్యాంకు అప్పుతో సముదాయ అటవీ పథకం నడిచింది. ప్రపంచ బ్యాంకు మీద మన అభిప్రాయం మీకు తెలుసు, మళ్ళీ చెప్పం. కానీ ఆ దారిలో ఒక మంచి ఆలోచన వచ్చింది. తలకోనలో వచ్చేవాళ్ళ వసతి, తిండి ఏర్పాట్లు కాంట్రాక్టరుకు కాకుండా పక్క ఊరు నెరబైలు సమితి చేతిలో పెట్టి నడిపించడం. రంపచోడవరం వైపు మారేడుమిల్లి దగ్గర వాలమూరులో కూడా అంతే. వాగు ఒడ్డున గుడారాలు, చుట్టుపక్కల కొండరెడ్డి పల్లెలవాళ్ళే వండిపెట్టేవాళ్ళు, దారి చూపించేవాళ్ళు. పెద్ద కట్టడం లేదు. వచ్చిన డబ్బులో ఊరికి పాలు.

దీన్ని మేము మెచ్చుకుంటాం. మెచ్చుకుంటూనే ఒక మాట అంటాం. అక్కడ పనిచేసేవాడిని "సభ్యుడు" అంటారు. గౌరవమైన పేరే. కానీ రాత్రి పన్నెండుకు అతిథికి పాము భయమని లేపితే లేచేది ఆ సభ్యుడే, పొద్దున అయిదుకు టీ కాచేదీ ఆ సభ్యుడే. సభ్యుడికి ఓవర్‌టైం ఉండదు, సెలవు ఉండదు. నిర్ణయాల్లో చివరి మాట అటవీ శాఖది. యజమాని అన్న పేరు ఊరికిచ్చి, యాజమాన్యం ఆఫీసు దగ్గర పెట్టుకుంటే అది సగం సహకారమే అవుతుంది.

ఇక అసలు సంగతి, మన పిల్లల పని సంగతి. "చిన్నది" అన్న మాట వచ్చినవాడికి తియ్యగా ఉంటుంది. చిన్న లాడ్జి, ఇంటి వాతావరణం, పేరు పెట్టి పిలుస్తారు. పనివాడికి "చిన్నది" అంటే అర్థం వేరు. పదిమంది ఉంటే ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది, కాబట్టి రోలు మీద తొమ్మిదిమందే ఉంటారు. ఇరవైమంది ఉంటే పి.ఎఫ్. వస్తుంది, ఆ సంఖ్య ఎన్నడూ రాదు. పదిమంది లేని చోట గ్రాట్యుటీ మాట ఎత్తకూడదు. ఒకే మనిషి గేటు తీస్తాడు, సామాను మోస్తాడు, గది ఊడుస్తాడు, పొయ్యి ముట్టిస్తాడు, రాత్రికి కాపలా. మిల్లులో కనీసం సైరను ఉండేది. సైరను కొడితే షిఫ్టు అయిపోయేది. ఈ పచ్చటి లాడ్జిలో సైరను లేదు, పక్షుల కూత ఉంది. పక్షి కూసిందంటే పని మొదలు, అంతే. ఎప్పుడు ముగుస్తుందో ఏ పక్షీ చెప్పదు.

మా దగ్గరికి వచ్చిన కుర్రాళ్ళు చెప్పినవి విన్నాం. ఊరూ, లాడ్జీ పేర్లు ఇక్కడ రాయం, వాళ్ళ పని పోతుంది. ఒకచోట "తిండీ వసతీ ఇస్తున్నాం" అని జీతంలో కోత పెడతారు. వసతి అంటే జనరేటరు పక్కన రేకుల షెడ్డు. అతిథి గదికి మట్టిగోడ, వెదురు కప్పు, చల్లగా ఉంటుందని దానికి ఎక్కువ అద్దె, పనివాడికి రేకు. ఒకచోట సోలారు దీపాలు పెట్టారు, చాలా మంచిది. కానీ వేడినీళ్ళకు సోలారు చాలని రోజు కుర్రాడే పొద్దున నాలుగుకు లేచి కట్టెల బాయిలరు ముట్టించాలి. ఆ కుర్రాడి నిద్ర ఖర్చు ఏ లెక్కలోనూ రాలేదు. ఎన్ని ప్లాస్టిక్ సీసాలు తగ్గాయో గోడమీద రాసిపెడతారు. ఎన్ని గంటల నిద్ర తగ్గిందో రాయరు.

2012 జూలైలో సుప్రీంకోర్టు పులుల అభయారణ్యాల నడిభాగంలో పర్యాటకాన్ని తాత్కాలికంగా ఆపింది, కొత్త మార్గదర్శకాలు వచ్చాక అక్టోబరులో మళ్ళీ వదిలింది. ఆ మూడు నెలలు పులి గురించీ, పెట్టుబడి గురించీ పేపర్లలో చాలా వచ్చింది. ఆపడం తప్పని మేమనం, పులికీ బతకాలని ఉంటుంది. కానీ గదులు ఊడ్చేవాడి మూడు నెలల కూలి గురించి మాకు కనిపించినంతలో ఒక్క ముక్క లేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడూ అంతే. మిల్లు మూస్తే కనీసం గేటు ముందు కూర్చోవడానికి ఒక గేటు ఉంది. వీళ్ళకు అదీ లేదు.

మనలోనే ఒక వాదన ఉంది, దాన్ని దాచడం మంచిది కాదు. "అన్నా, ఎక్కువ అడిగితే మూసేస్తారు, పిల్లలు బెంగుళూరు పోయి బైకు మీద పార్సెళ్ళు మోస్తారు, ఉన్న ఊళ్ళో ఉన్న పని చాలదా?" అని చింతామణి సోదరులు కొందరు అంటున్నారు. ఈ భయం ఉత్తిది కాదు. చిన్న లాడ్జి పెట్టినవాళ్ళలో కొందరు అప్పు తెచ్చిన మన ఊరి రైతులే. రెండెకరాలు అమ్మకుండా ఆరు గదులు కట్టుకున్నవాడూ, రెండొందల ఎకరాలు కొని గోల్ఫు మైదానం వేసినవాడూ ఒకటి కాదు. ఇద్దరినీ ఒకే గాటన కట్టి నినాదాలివ్వడం మాకు ఇష్టం లేదు. అయినా ఒక్కటి చెబుతాం. అప్పు తీర్చడానికి పక్కింటివాడి కొడుకు నిద్రను వాడుకోవడం న్యాయం కాదు. గది అద్దెలో వంద రూపాయలు ఎక్కువ చెప్పినా నంది చూడటానికి వచ్చే కారువాడు వెనక్కి తిరిగిపోడు. బేరం ఆడేది మన జామకాయల దగ్గరే, గది దగ్గర కాదు.

అయితే దారి ఏమిటి? ఒక దారి మన బెంగుళూరే చూపించింది. 1957లో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులు మూసి కార్మికులను రోడ్డు మీద వదిలేస్తుంటే, కామ్రేడ్ ఏ.కె. గోపాలన్ పూనుకుని, ఆ సర్వర్లూ వంటవాళ్ళే సహకార సంఘం కట్టుకునేలా చేశారు. మొదటి ఇండియన్ కాఫీ వర్కర్స్ సహకార సంఘం 1957 ఆగస్టు 19న బెంగుళూరులోనే పుట్టింది. తలపాగా చుట్టి కాఫీ అందించే మనిషే ఆ సంఘం యజమాని. ఇన్ని దశాబ్దాలైనా ఆ కాఫీ ఆరిపోలేదు. వడ్డించేవాడికి నడపడం చేతకాదన్నవాళ్ళకు దీనికంటే జవాబు ఏం కావాలి? స్కందగిరి కిందనో, కైవారం దగ్గరనో, చిత్రావతి ఒడ్డునో, పంచాయితీ స్థలంలో ఎనిమిది గదులు కట్టి మన స్త్రీశక్తి సంఘాల వంటతో, మిల్లు వదిలిన మన కార్మికుల చేతులతో నడిపితే నడవదా? సులభమని మేమనం. బ్యాంకు తిప్పుతుంది, తహశీల్దారు తిప్పుతాడు, మనలో మనం కొట్టుకుంటాం. మిల్లుల్లో బోనస్ కోసం తిరిగిన దానికంటే ఎక్కువేమీ కాదు.

అంతవరకు ఉన్న లాడ్జీల దగ్గర ఏం చేయాలో కార్యవర్గం మాట్లాడుకుంది. "ఎకో" పేరుతో లైసెన్సు అడిగే ప్రతి లాడ్జిని గ్రామ పంచాయితీ మూడు సంగతులు అడగాలని అర్జీ ఇస్తాం: నీళ్ళు ఎక్కడివి, వాడిన నీళ్ళు ఎక్కడికి, పనివాళ్ళు పడుకునే గది ఎక్కడ. మూడోది చూసి ఆఫీసర్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. గది అద్దె పట్టిక పక్కనే పనివాళ్ళ కూలి, పనిగంటలు రాసి పెట్టాలని కూడా అడుగుతాం. వచ్చినవాడు రెండూ చదువుకుంటాడు.

లాడ్జి, హోటలు కార్మికులను మన యూనియన్‌లో చేర్చుకోవడానికి నిబంధనల్లో చిన్న మార్పు అవసరం. అది వచ్చే సర్వసభ్య సమావేశంలో పెడతాం. ఈలోగా మీ ఇంట్లో, మీ వీధిలో లాడ్జి పనికి పోయే పిల్లలుంటే వాళ్ళ చేత ఒక నెల పనిగంటలు నోటుబుక్కులో రాయించండి. ఏ తేదీన ఎన్నింటికి లేచారు, ఎన్నింటికి పడుకున్నారు, జీతంలో ఎంత కోశారు. పెద్దగా రాయనక్కర్లేదు, తేదీ, గంట చాలు. ఆ పుస్తకాలు చిక్కబళ్ళాపురం ఆఫీసులో గానీ, చింతామణి, బాగేపల్లి శాఖల్లో గానీ ఇవ్వండి. పేర్లు బయటికి రావు. లేబరు ఇన్‌స్పెక్టరు ముందు మాట్లాడటానికి మాకు ఆ పుస్తకాలు కావాలి.